చీటీ మీద ఇంకో రెండు లైన్లు రాయండి: హైదరాబాద్ గైనకాలజిస్టులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్లకు నమస్కారం.

నేను ఫార్మసిస్టుని. అమీర్‌పేట నుంచి ఎస్.ఆర్.నగర్ వైపు వెళ్లే సందుల్లో ఒకదాంట్లో మాకు మెడికల్ షాపు ఉంది. చుట్టూ లేడీస్ హాస్టళ్లు, వాటి కింద కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు. నా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి సగం పాతికేళ్లు నిండని ఆడపిల్లలే. జ్వరం గోలీలు, గ్యాస్ గోలీలు పక్కనపెడితే వాళ్లు ఎక్కువగా తెచ్చేవి పీసీఓఎస్ చీటీలు, అంటే హార్మోన్ల తేడాతో డేట్లు తప్పి, మొటిమలు, రోమాలు వచ్చే జబ్బుకు రాసినవి. పీసీఓడీ అని రాసినా అదే అనుకోండి. అవన్నీ మీరు రాసినవే కాబట్టి ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

అడిగేది పెద్ద కోరికేం కాదు. పీసీఓఎస్‌కి మందు రాసినప్పుడు, దాని పక్కనే అది ఎందుకోసమో, ఎప్పటివరకు వాడాలో రాయండి. ఇంగ్లిషులో రాసినా సరే, తెలుగులో రాస్తే మరీ సంతోషం. వేరే దారులు కూడా ఉండి, వాటిలోంచి ఇదే ఎంచుకుని ఉంటే ఆ మాట కూడా ఒక ముక్క రాయండి.

డాక్టర్లకు మెడికల్ షాపావిడ చెప్పొచ్చిందా అనుకునేవాళ్లు ఉంటారు. అనుకోనివ్వండి. మీ గది దాటాక ఆ చీటీ ఏమవుతుందో చూసేది నేను. మడతపెట్టి ఫోన్ వెనక కవర్‌లో దాచుకుంటారు. మడత పడ్డచోట సిరా చెరిగిపోతుంది. ఏడాది తర్వాత కూడా అదే చీటీ పట్టుకుని వస్తారు. రూమ్మేట్ చీటీని ఫొటో తీసుకుని "నాకూ ఇదే ప్రాబ్లం అక్కా" అంటూ వచ్చేవాళ్లూ ఉన్నారు. ఊళ్లో ఉన్న పిన్ని కూతురు వాడిందని పంపిన స్ట్రిప్ ఫొటో ఒకటి చాలు కొందరికి. మీరు మూడు నెలలకని రాసింది మూడేళ్లు నడుస్తుంది, మూడు నెలలు వాడాల్సింది మూడు వారాల్లో ఆగిపోతుంది.

మొన్నామధ్య జగిత్యాల వైపు పిల్ల ఒకతి వచ్చింది. ఇక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తోంది. గర్భనిరోధక గోలీల స్ట్రిప్ ఫొటో చూపించి, "అక్కా, ఇండ్లకెళ్లి పది గోలీలు కత్తిరించి ఇయ్యరా" అంది. ఇరవై ఒక్క గోలీల స్ట్రిప్ అది, రోజుకొకటి చొప్పున వరుసగా వేసుకోవాల్సింది. పది ఎందుకమ్మా అంటే, "మళ్ల డేట్ రాకుంటే ఏస్కుంట" అంది. కూర్చోబెట్టి అడిగితే సంగతి తెలిసింది. ఆమెకు మూడు నెలలు వాడమని రాశారు. మొదటి స్ట్రిప్ అయిపోయాక వచ్చే ఏడు రోజుల విరామంలో బ్లీడింగ్ అయింది. "డేట్ వచ్చింది గదా, తక్కువైంది" అని ఆపేసింది. ఆ బ్లీడింగ్ గోలీ ఆపినందువల్ల వచ్చిందే తప్ప పీసీఓఎస్ తగ్గినందువల్ల కాదని ఆమెకు తెలియదు. మీరు చెప్పే ఉంటారు, ఆ హడావుడిలో ఆమె చెవికెక్కి ఉండదు. చీటీ తెరిచి చూస్తే మందు పేరు, రోజుకొకటి, మూడు నెలలు. అంతే. ఇంకో ముక్క ఉంటే నేనైనా చదివి చెప్పేదాన్ని.

రోగికి మందు గురించి వివరించడం ఫార్మసిస్టు పని అని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ చెబుతున్నాయి. చెప్పడానికి నాకేం బద్ధకం లేదు. కానీ ఏమని చెప్పను? అదే గోలీని మీరు ఒకరికి నెలసరి క్రమం కోసం, ఒకరికి మొటిమలకి, ఒకరికి గడ్డం మీద వెంట్రుకలకి, ఇంకొకరికి నిజంగా గర్భం రాకుండానే రాస్తారు. చీటీ చూసి ఏది దేనికో కనిపెట్టడం నావల్ల కాదు. తోచింది చెబితే మీ మాటకీ నా మాటకీ పొంతన కుదరదు. ఆ పిల్ల ఇద్దర్నీ నమ్మడం మానేసి యూట్యూబ్‌ని నమ్ముతుంది.

పీసీఓఎస్‌లో ఈ ముక్క మరీ ఎందుకు ముఖ్యమంటే, దాన్ని వేళ్లతో సహా పెరికేసే మందు ఇంతవరకు లేదు. ఉన్నవన్నీ ఒక్కో బాధకు ఒక్కో మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో 10 నుంచి 13 శాతం మందికి ఇది ఉంటుంది, వాళ్లలో 70 శాతం దాకా తమకు ఉందని తెలియకుండానే తిరుగుతుంటారు. తెలిసినవాళ్లలోనూ ఒకరి కష్టం ఇంకొకరిది కాదు. పంతొమ్మిదేళ్ల పిల్లకి పై పెదవి మీద వెంట్రుకలే ప్రపంచ సమస్య. ఇరవై తొమ్మిదేళ్ల ఆవిడకి పిల్లలు కావాలి. ముప్పై ఐదేళ్ల టీచరమ్మకి ఆర్నెల్లకోసారి వచ్చి పదిహేను రోజులు ఆగని బ్లీడింగ్. ముగ్గురూ ఒకే పేరున్న జబ్బుతో వస్తారు, ముగ్గురికీ మందు వేరు. కాబట్టి అసలు ప్రశ్న "నీకు ఇప్పుడు ఏది ఎక్కువ ఇబ్బందిగా ఉందమ్మా" అన్నది. ఆ ప్రశ్న మీరు అడిగారో లేదో, ఆమె ఏం చెప్పిందో చీటీలో ఎక్కడా కనబడదు.

గర్భనిరోధక గోలీల సంగతే తీసుకుందాం. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ ముందుండి 2018లో తెచ్చి, 2023లో సవరించిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం నెలసరి క్రమానికి, మొటిమలకి, అవాంఛిత రోమాలకి మొదట వాడదగిన మందు ఇదే. ఈస్ట్రోజెన్ 20 నుంచి 30 మైక్రోగ్రాముల తక్కువ మోతాదు ఉన్నవి మేలని, 35 మైక్రోగ్రాములతో, మగ హార్మోన్‌ని అణిచే సైప్రోటిరాన్ కలిపిన రకాన్ని మొదటే అందుకోవద్దని కూడా అందులో ఉంది. నా దగ్గరికి వచ్చే చీటీల్లో మాత్రం ఆ సైప్రోటిరాన్ రకం బోలెడు కనిపిస్తుంది, అదీ చిన్న చిన్న మొటిమలకి. మీకు కారణం ఉండొచ్చు. ఆ కారణమే రాయమంటున్నాను. మైగ్రేన్‌కి ముందు కళ్ల ముందు మెరుపులు కనిపించేవాళ్లు, ఇంట్లో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, బీపీ ఎక్కువున్నవాళ్లు ఈ గోలీల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఇదంతా నాకన్నా మీకే బాగా తెలుసు. కానీ "నీకు బీపీ చూశారామ్మా" అని అడిగితే లేదని తల అడ్డంగా ఊపే పిల్లలు ఎక్కువ. బీపీ అంకె చీటీ మూలన రాస్తే చూశారని నాకు తెలుస్తుంది. లేకపోతే నా కౌంటర్ మీద మిషన్ ఉంది, నేనే చూసి పంపుతున్నాను.

ఇక ఇంటి సంగతి. స్ట్రిప్ మీద ఏముందో ఈరోజుల్లో అమ్మలందరూ ఫోన్‌లో వెతికి తెలుసుకుంటారు. దసరా సెలవులకు ఇంటికెళ్లిన పిల్ల బ్యాగులో ఆ స్ట్రిప్ దొరికితే ఏమవుతుందో మీరు ఊహించగలరు. కోర్సు మధ్యలోనే మాన్పించి ఇంటికి తీసుకుపోయిన సంగతి ఒకటి నాకు తెలుసు. చీటీలో డాక్టర్ చేతిరాతతో "నెలసరి క్రమం కోసం, ఆరు నెలలు" అన్న ముక్క ఉంటే, అది ఆ పిల్లకి రక్షణ. మీ సంతకం ఉన్న కాగితానికి మన ఇళ్లలో ఉన్న విలువ ఆడపిల్ల మాటకు ఇంకా లేదు.

అలాగని అన్నీ రాయమనడం లేదు. పెళ్లి కాని పిల్లకి నిజంగానే గర్భం రాకుండా గోలీ కావాల్సి ఉంటే ఆ సంగతి చీటీకెక్కకూడదు. అది మాట్లాడాలంటే తల్లిని రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టాలి. డేట్ సరిగా రానివాళ్లకి గర్భం రాదనుకుని నిర్లక్ష్యం చేసి, కంగారుగా నా దగ్గరికి అత్యవసర గోలీ కోసం పరిగెత్తుకొచ్చేవాళ్లు ఉన్నారు. అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలియని మనిషికి అసలు "సేఫ్ డేస్" అనేవే ఉండవు. ఈ మాట వాళ్లకు నా కన్నా మీ నోటి వెంట వస్తే బాగుంటుంది.

మా షాపులో రెండు రకాల డేట్ గోలీలు పోతుంటాయి. ఒకటి రప్పించేది, ఒకటి ఆపేది. శ్రావణ మాసం వచ్చిందంటే వరలక్ష్మీ వ్రతానికి వాయిదా గోలీలు, బోనాలకు, పెళ్లిళ్లకు, తిరుపతి ప్రయాణాలకు మళ్లీ అవే. ఆపేదానిలో ఉండే నోరెథిస్టిరాన్, రప్పించడానికి మీరు రాసే మెడ్రాక్సీప్రొజెస్టిరాన్, రెండూ ఒకే కుటుంబం. వేసుకుంటున్నన్నాళ్లు బ్లీడింగ్ ఆగుతుంది, మానేసిన కొద్ది రోజులకు మొదలవుతుంది. ఇది తెలియక రప్పించే గోలీ వేసుకుని రెండో రోజే "ఇంకా రాలేదేంటక్కా" అని వచ్చేవాళ్లకు లెక్కలేదు. డేటే ఎప్పుడో తెలియని పీసీఓఎస్ పిల్ల వాయిదా గోలీ అడిగితే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. దేన్ని వాయిదా వేద్దామని?

డేట్ రప్పించడానికి మీరు పది రోజులకని రాసే గోలీల అసలు ఉద్దేశం వాళ్లలో చాలామందికి తెలియదు. నెలల తరబడి డేట్ రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోతుంది. ఏళ్లపాటు అలా వదిలేస్తే ఆ పొరలో క్యాన్సర్ ముప్పు మామూలు ఆడవాళ్లకన్నా పెరుగుతుంది. మొత్తమ్మీద చూస్తే ఆ ముప్పు తక్కువే, భయపడిపోవాల్సిందేం లేదు. కానీ మూడు నెలలు దాటనివ్వకుండా పొరని రాల్చాలి. రోజూ గోలీ వద్దనుకునే పిల్లకి ఇది మంచి దారి. మొటిమలకీ రోమాలకీ మాత్రం పనిచేయదు, గర్భాన్నీ ఆపదు. "పొర రాలడానికి, 90 రోజులు దాటితే మాత్రమే, ముందు గర్భ పరీక్ష చేసుకుని" అని చీటీ మీద ఉంటే, పిల్లలు దీన్ని డేట్ రప్పించే మంత్రంలా నెలనెలా కొనుక్కోవడం మానేస్తారు.

షుగర్‌కి కూడా వాడే మెట్‌ఫార్మిన్ దగ్గర ఇంకో తంటా. భీమవరం నుంచి కూతుర్ని చూడ్డానికి వచ్చిన ఒకావిడ చీటీ, స్ట్రిప్ రెండూ నా కౌంటర్ మీద పెట్టి, "ఏవండీ, మా పిల్లకి షుగరేంటండీ? ఇరవై రెండేళ్లండీ దానికి. రేపు సంబంధాలు చూడాలి, ఎవరికైనా తెలిస్తే ఏవనుకుంటారు?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పక్కన ఆ పిల్ల తలెత్తడం లేదు. ఇది షుగర్ లేనివాళ్లకి కూడా పీసీఓఎస్‌లో రాస్తారండీ, ఇన్సులిన్‌ని ఒంట్లో సరిగా పనిచేయించడానికి అని చెప్పొచ్చు. చెప్పబోయి ఆగాను. నిజంగానే ఆ పిల్లకి షుగర్ హద్దు మీద ఉండి రాశారేమో! పీసీఓఎస్ ఉన్నవాళ్లకి సన్నగా ఉన్నా లావుగా ఉన్నా షుగర్ పరీక్ష చేయాలని, అందులోనూ 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూసేది మేలని మార్గదర్శకాల్లో ఉంది. ఆ పరీక్ష చేశారో లేదో, ఏమొచ్చిందో చీటీలో లేదు. "రేపు డాక్టరమ్మకి ఫోన్ చేసి కనుక్కోండమ్మా" అని పంపించాను. ఆ రాత్రి వాళ్లింట్లో ఎవరైనా నిద్రపోయి ఉంటారా?

దీనికి తోడు మోతాదు. 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం రెండు వారాలకో మెట్టు చొప్పున పెంచితే కడుపు అలవాటు పడుతుంది. మొదటి రోజే రెండు పూటలా పెద్ద గోలీ రాస్తే, ఆరుగురికి ఒకే బాత్రూమ్ ఉన్న హాస్టల్లో పొద్దున ఏడింటికి విరేచనాలు మొదలైన పిల్ల మూడోనాడు ఆ స్ట్రిప్‌ని చెత్తబుట్టలో వేస్తుంది. మీ దగ్గరికొచ్చి "వాడాను మేడం, పనిచేయలేదు" అంటుంది. భోజనం మధ్యలోనో, అవగానేనో వేసుకోవాలన్న మాట కూడా చాలా చీటీల్లో ఉండదు. ఏళ్లపాటు వాడితే బీ12 తగ్గొచ్చు, శాకాహారులైతే మరీను. ఎప్పటివరకు వాడాలో రాయండంటే ఈ లెక్కలన్నీ అందులోకి వస్తాయి.

ఇప్పుడు రాసేది చదివి మా మందుల షాపులవాళ్లు నన్ను తిట్టుకుంటారు. పీసీఓఎస్‌కని అమ్మే ఇనోసిటాల్ అనే పొడి సాచెట్లు. నారింజ రంగు డబ్బా, మీద పువ్వు పట్టుకున్న అమ్మాయి బొమ్మ, రెండు రకాల ఇనోసిటాల్ నలభైకి ఒకటి నిష్పత్తిలో అని పెద్ద అక్షరాలు. డబ్బా వెనక్కి తిప్పి చూస్తే ఉండేది ఔషధ లైసెన్సు కాదు, ఆహార పదార్థాల లైసెన్సు నంబరు. కాబట్టి ధరల నియంత్రణ దీన్ని తాకదు. మెట్‌ఫార్మిన్ నెలకు సరిపడా కొంటే చిల్లరతో పోతుంది. ఈ సాచెట్లకి వేలల్లోకి వెళ్తుంది. మాకు ఎక్కువ మిగిలేదీ దీనిమీదే. 2023 మార్గదర్శకాలు దీన్ని పనికిరాదని కొట్టిపారేయలేదు. హాని తక్కువ, ఒంట్లో జీవక్రియకు కొంత మేలు జరగొచ్చు, ఇష్టమైతే వాడుకోవచ్చు అన్నాయి. అదే నోటితో అండం విడుదలకి, రోమాలకి, బరువుకి పెద్దగా ఫలితం కనబడలేదని, ఫలానా రకం ఫలానా మోతాదు అని చెప్పలేమని కూడా అన్నాయి. మీరు ఈ ముక్క ఆ పిల్లకి చెప్పి, ఖర్చు కూడా చెప్పి, "ఇష్టమైతేనే" అని చీటీలో రాస్తే చాలు. నెలకు పద్దెనిమిది వేలు సంపాదించే పిల్ల మెస్ బిల్లు ఆపి ఈ డబ్బా కొనడం నేను చూస్తున్నాను. మెస్ బిల్లే ముందు కట్టమ్మా అని చెబుతున్నాను కూడా.

రోమాల విషయంలో మీకూ చర్మం డాక్టర్లకూ మధ్య పిల్లలు నలిగిపోతున్నారు. వాళ్లు స్పైరనోలాక్టోన్ రాస్తారు, అది బీపీ మందు కూడా. దాన్ని వాడుతున్నన్నాళ్లు గర్భం రాకూడదు, వస్తే మగ పిండానికి ప్రమాదం. ఇటు మీ చీటీలో గర్భం కోసం మందు, అటు వాళ్ల చీటీలో ఇది, రెండూ ఒకే రోజు నా కౌంటర్ మీదికి వచ్చిన సందర్భం ఉంది. రెండు చీటీల్లో దేనిలోనూ ఎందుకో లేదు. ఏ మందైనా రోమాల మీద పనిచేసిందో లేదో తేలడానికి కనీసం ఆర్నెల్లు పడుతుంది. ఇది ముందే రాసి ఇవ్వకపోతే రెండో నెలలోనే డాక్టర్ని మార్చేస్తారు.

పిల్లలు కావాలనుకునేవాళ్లకి అండం విడుదల కోసం రాసే లెట్రోజోల్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎక్కువ గొడవలు దీని దగ్గరే. ఒక రాత్రి షాపు మూసే వేళకి ఒకాయన వెనక్కి వచ్చాడు. గంట కిందట భార్య కోసం ఐదు గోలీలు తీసుకెళ్లాడు. మెట్ల మీద నిలబడి ఫోన్ నా ముఖానికి పెట్టి, "మేడం, ఇది రొమ్ము క్యాన్సర్ మందు. మా ఆవిడకి క్యాన్సర్ ఉందా? లేక మీరే తప్పు మందు ఇచ్చారా?" అని అరిచాడు. ఆయన తప్పేం లేదు. పెట్టెలో ఉన్న కాగితం మీద అదే ఉంది. ఆయన కంపెనీ షిఫ్టు అయ్యేసరికి మీ క్లినిక్ మూసేశారు.

ఆయనకి నేను చెప్పిన కథ ఇది. 2011లో కేంద్ర ప్రభుత్వం గర్భధారణ కోసం లెట్రోజోల్ వాడకాన్ని నిషేధించింది, 2017లో ఆ నిషేధం ఎత్తేసింది. మధ్యలో 2014లో అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 750 మంది మీద చేసిన పరిశోధన వచ్చింది. అంతకుముందు అందరూ వాడే క్లోమిఫీన్‌తో 19.1 శాతం మందికి బిడ్డ పుడితే, లెట్రోజోల్‌తో 27.5 శాతం మందికి పుట్టింది. ఇవాళ పీసీఓఎస్‌లో అండం విడుదల కోసం మొదట రాసే మందు ఇదే. ఆయన కుదుటపడి, "మరి ఇది చీటీ మీద రాయొచ్చు కదా మేడం" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందేమో.

ఇంకో పక్క, ఈ మందుకు అలవాటు పడ్డవాళ్లు. ఐదు రోజులు వేసుకోవాల్సింది, స్కాన్‌లో అండం ఎదుగుదల చూసుకుంటూ వాడాల్సింది. స్కాన్ ఖర్చు మిగులుతుందని పాత చీటీతో నెలనెలా కొనేవాళ్లు ఉన్నారు. ముందు గర్భం లేదని తేల్చుకున్నారో లేదో తెలియదు. ఎన్ని నెలలు ప్రయత్నించాలో, ఆ తర్వాత ఏం చేయాలో వాళ్లకి అంచనా లేదు. తర్వాతి మెట్టు ఇంజెక్షన్లో, లాప్రోస్కోపీయో, ఐవీఎఫ్‌ఓ ఒక లైన్లో రాస్తే భార్యాభర్తలు డబ్బు సర్దుకోవడానికైనా వీలుంటుంది. కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రో పిల్లర్ల మీద నవ్వే పసిపాప బొమ్మలు చూసి నేరుగా ఐవీఎఫ్‌కి పోయేవాళ్లలో ఎందరు ఈ చవకైన గోలీ మెట్టు దాటకుండానే వెళ్తున్నారో ఆలోచించండి.

జబ్బు ఉందని తేల్చే పద్ధతి మీద ఒక్క మాట. 2003 నుంచి పెద్దవాళ్లకి మూడింటిలో రెండుండాలన్నది లెక్క: డేట్ సరిగా రాకపోవడం, మగ హార్మోన్ల లక్షణాలు, స్కాన్‌లో అండాశయాల నిండా చిన్న చిన్న తిత్తులు కనిపించడం. అదీ థైరాయిడ్, ప్రొలాక్టిన్ లాంటి వేరే హార్మోన్ల తేడాలు కారణం కాదని తేల్చాక. మొదటి నెలసరి అయిన ఎనిమిదేళ్ల దాకా స్కాన్‌ని లెక్కలోకి తీసుకోవద్దని మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. అయినా ఇంటర్ చదివే పిల్లల చేతుల్లో "పీసీఓడీ" అని కొట్టిన స్కాన్ రిపోర్టులు. "గడ్డలు కరిగే మందు ఇవ్వండి" అని తల్లులు. అవి గడ్డలు కావు, సగంలో ఎదుగుదల ఆగిన అండాల తిత్తులని చెబితే నన్ను నమ్మరు, రిపోర్టుని నమ్ముతారు. ల్యాబులవాళ్లు పెట్టిన ప్యాకేజీల్లో ఫాస్టింగ్ ఇన్సులిన్ కూడా ఉంటుంది, అవసరం లేకపోయినా. గోలీలు వాడుతూ మగ హార్మోన్ పరీక్ష చేయించుకుంటే ఆ అంకె నమ్మదగ్గది కాదని ల్యాబులో ఎవరూ అడగరు. మీరు దేని ఆధారంగా తేల్చారో చీటీ పైన రాస్తే, ఊరు మారి ఇంకో డాక్టర్ దగ్గరికెళ్లిన పిల్లకి మళ్లీ మొదటినుంచి ఈ పరీక్షల ఖర్చు తప్పుతుంది.

బరువు తగ్గమని దాదాపు ప్రతి చీటీలో ఉంటుంది. అదొక్కటే ఎప్పుడూ స్పష్టంగా రాస్తారు, కింద గీత గీసి మరీ. మన దేశంవాళ్లకి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 23 దాటితే చాలు, అధిక బరువు అన్నది సరే. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా డేట్లు సర్దుకునే అవకాశం ఉందన్నదీ సరే. ఎలా తగ్గాలి? పొద్దున ఉప్మా, మధ్యాహ్నం నీళ్ల సాంబారుతో గుట్టగా అన్నం, రాత్రి మళ్లీ అన్నం, ఆదివారం చికెన్ ముక్క. ఇది హాస్టల్ మెస్. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలని ఉంది. ఆ కంచం మా సందులో ఏ మెస్‌లోనూ దొరకదు. ఫలానా డైటే గొప్పదని పరిశోధనలు తేల్చలేదు కాబట్టి కీటో చార్టులు రాయకండి. అన్నం సగం తగ్గించి, సందు చివర బండి మీద రెండు ఉడికించిన గుడ్లో, గుప్పెడు వేయించిన శనగలో తిను, సాయంత్రం క్లాసయ్యాక యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కు దాకా నడిచి రా అని రాయండి. చేస్తారు. చెప్పి చూశాను, కొందరు చేస్తున్నారు. సన్నగా ఉన్న పిల్లలకి కూడా అలవాటు కొద్దీ బరువు తగ్గమని రాసిన చీటీలున్నాయి, వాటి సంగతి మీకే వదిలేస్తున్నాను.

బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు అడిగేవాళ్లూ మొదలయ్యారు. గర్భం కోరేవాళ్లు వాటిని ముందుగానే ఆపాలి. టిర్జెపటైడ్ అయితే మొదలుపెట్టిన కొత్తలోనూ, మోతాదు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు గర్భనిరోధక గోలీల మీద మాత్రమే ఆధారపడకూడదు. ఈ రెండు ముక్కలూ చీటీ మీద లేకుండా ఆ ఇంజెక్షన్ ఇవ్వడానికి నా చేయి రాదు.

టైం ఎక్కడిదంటారు. తెలుసు. పేట్లబురుజు, కోఠి, గాంధీ సర్కారు ఆస్పత్రుల్లో ఓపీ లైను ఎంత పొడుగో చూశాను. 2023 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్య మహిళ పేరుతో మంగళవారాలు ఆడవాళ్లకోసం కేటాయించినప్పుడు ఇలాంటి మాటలకు కాస్త తీరిక దొరుకుతుందని ఆశపడ్డాను. ప్రైవేటులో ఫీజు కట్టి కూర్చున్నా లోపల దొరికేది కొన్ని నిమిషాలే. అందుకే పేజీలు రాయమనడం లేదు. ఒక రబ్బరు స్టాంపు చేయించుకోండి: "ఎందుకు", "ఎప్పటివరకు", "మళ్లీ ఎప్పుడు రావాలి". మూడు గీతలు, మీరు నింపేది మూడు ముక్కలు. మందుల పేర్లు చదవగలిగేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని డాక్టర్ల ప్రవర్తనా నియమావళిలో 2016 నుంచే ఉంది. దాని పక్కన ఇదెంత.

స్టాంపు నమూనా ఒకటి నేనే చేయించాను, మా షాపులో ఉంది. మా చుట్టుపక్కల క్లినిక్‌లవాళ్లు ఎవరైనా మనిషిని పంపితే ఇస్తాను, డబ్బులేం వద్దు. వచ్చే నెల మొదటి తారీఖు నుంచి పీసీఓఎస్ చీటీలో ఎందుకో, ఎప్పటివరకో లేకపోతే, గోలీలు కత్తిరించే ముందు ఆ పిల్లని కూర్చోబెట్టి, చీటీ మీదున్న నంబరుకి నేనే ఫోన్ చేస్తాను. మా దగ్గర ఎక్కువ గిరాకీ రాత్రి ఎనిమిది నుంచి పది దాకా. ఆ టైంలో ఫోన్ ఎత్తే మనిషిని ఒకరిని పెట్టుకోండి.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
ఎస్.ఆర్.నగర్, హైదరాబాద్